మూసీ దాటడానికి ఒక రూపాయి

మా సైకిల్ గుంపులోకి కొత్తగా ఎవరొచ్చినా వాళ్లకు హెల్మెట్ ఎట్లా బిగించుకోవాలో చెప్పకముందే నా కథ చెప్తారు. "మూసీలో ఒక రూపాయి వేయడానికి ఈ మేడమ్ మమ్మల్ని పన్నెండు కిలోమీటర్లు తిప్పింది" అని. కొత్తవాళ్లు నన్ను ఎగాదిగా చూస్తారు. చూడ్డానికి నేను భక్తురాలిలా ఉండను. బొట్టు కూడా గుర్తుంటేనే పెట్టుకుంటాను. అందుకే ఆ కథ ఇంకా బాగా పండుతుంది. చివర్లో "లారీలంటే భయంలెండి పాపం" అని ఒక తోక కూడా తగిలిస్తారు.

పన్నెండు కిలోమీటర్లన్నది అబద్ధం. అందులో ఆరు ఎటూ తొక్కాల్సినవే, నేను అదనంగా తిప్పింది ఆరే. ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. ఇక భయమంటారా, లారీవాళ్లే నన్ను చూసి భయపడాలి. తార్నాక చౌరస్తాలో ఒకసారి సిటీ బస్సును ఆపించి డ్రైవర్‌తో వాదించిన మనిషిని నేను. కానీ అసలు తప్పు ఇవి కావు. నేను ఆ రోజు రూపాయి కోసం ఏ వంతెననూ వెతకలేదు. ఎందుకోసం వెతికానో ఇన్నాళ్లూ చెప్పలేదు. పోయిన నెల ఆయనే చెప్పేశారు కాబట్టి ఇప్పుడు నేనూ నోరు విప్పొచ్చు.

ఆయనంటే మా ఆయన. మూడేళ్ల కిందట ఒక పొద్దున లేచేసరికి ఆయనకు కుడి చెవి వినపడలేదు. జలుబేమో అనుకున్నాం. చెవిలో నీళ్లేమో అనుకున్నాం. డాక్టరు రకరకాల గంటలు మోగించి చూసి, లోపలి నరం పోయింది, ఇక రాదు అన్నాడు. ఆయన ఇంటికొచ్చి, సోఫాలో తాను ఎప్పుడూ కూచునే చోటు వదిలేసి కుడి చివరకు జరిగి కూచున్నారు. అట్లా కూచుంటే అందరూ ఎడమ పక్కనే ఉంటారు. అంతే, ఆ విషయం మీద ఆయన చేసిన ఏకైక ప్రకటన అది.

"ఆఫీసులో చెప్పండి, తప్పేముంది" అంటే, "ఇంకో చెవి ఉంది కదా" అనేవారు. మిషన్ పెట్టుకోమంటే, "యాభై ఏడేళ్లకే ముసలోణ్ణి చేస్తాండావే నన్ను" అనేవారు. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట ఆయనకు మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు చిరునవ్వు పెట్టుకుని అన్నింటికీ తలూపుతారు. ఒక పెళ్లిలో ఎవరో దగ్గరికొచ్చి "మీ చిన్నాన్న పోయారటగా" అని పరామర్శిస్తే కూడా అట్లాగే నవ్వుతూ తలూపారు. పక్కనే ఉన్న నేను ఏడవాలో నవ్వాలో తెలియక ఆయన మోచెయ్యి గిల్లాను. ఆ రోజు నుంచి పెళ్లిళ్లు మానేశారు. ఆ తర్వాత పుట్టినరోజులు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ మీటింగులు. మా ఇంట్లో ఎప్పుడూ నేను వాదిస్తాను, ఆయన జవాబు చెప్తారు. జవాబులు తగ్గిపోయాయి. వాదించడానికి మనిషి లేకపోతే నాలాంటిదానికి ఎట్లా ఉంటుందో నా శత్రువులు కూడా ఊహించలేరు.

సైకిల్ నాకోసం కొన్నాను. మోకాళ్లకు మంచిదన్నారు. మొదటి వారం నేను తొక్కాను, రెండో వారం నుంచి అది ఆయనదైపోయింది. పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లోకి పోయి, చెట్ల కింద రోడ్ల మీద ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. సైకిల్ మీద ఉన్నవాడితో ఎవరూ మాట్లాడరు. ఏ మాటకూ తలూపక్కర్లేదు. ఒకరోజు తిరిగొచ్చి కాఫీ గ్లాసు పట్టుకుని, "నెమలి అరిసింది. ఏ పక్క నుంచో తెలీలే. ఒక చెవితో వింటే శబ్దం వినపడుతుంది గానీ దిక్కు తెలీదు, గమనించినావా?" అన్నారు. తన చెవి గురించి ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి. నేను మధ్యాహ్నానికల్లా రెండో సైకిల్ కొన్నాను.

అట్లా ఇద్దరం ఆ గుంపులో చేరాం. గుంపు అంటే అప్పట్లో నలుగురం. మేమిద్దరం కాక, ఒకాయన కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరైన లెక్చరరు. ఎక్కడికి పోవాలన్నా ముందు పెన్సిల్‌తో మ్యాపు గీస్తాడు. అందుకని కెప్టెన్ అంటాం. నాలుగో మనిషి అడిక్‌మెట్‌లో స్టూడెంట్లకు మెస్ నడిపే ఆమె. నాకంటే ఐదారేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది, నేను చెల్లే అంటాను. అందరికీ గేర్ల సైకిళ్లుంటే ఆమెది ముందు బుట్ట ఉన్న పాత లేడీస్ సైకిల్. ఆ బుట్టలో మా అందరి టిఫిను ఉంటుంది కాబట్టి ఆమెను ఎవరూ వెనక వదిలిపెట్టరు.

కెప్టెన్‌కు కొన్ని రూల్సున్నాయి. వాటిని గ్రూపు మెసేజ్‌లో పైన అతికించి పెట్టాడు. అందులో ఒకటి: కన్ను, చెవి, గుండె, వీటిల్లో దేంట్లో తేడా ఉన్నా మెయిన్ రోడ్డు మీదికి రావద్దు, క్యాంపస్‌లోనే తొక్కుకోవాలి. మేం చేరిన కొత్తలో కంటిలో శుక్లం ఉన్న ఒక పెద్దాయనకు చాలా మర్యాదగా అదే చెప్పాడు. ఆ పెద్దాయన ఇంకో పది రోజులు క్యాంపస్‌లో తొక్కి, ఆ తర్వాత రావడం మానేశాడు. కెప్టెన్ చెడ్డవాడు కాదు. వెనకాల ఎవరికేమైనా జరిగితే తన మీదికొస్తుందని భయం. కానీ ఆ మెసేజ్ చదివినప్పుడల్లా మా ఆయన ఫోను బోర్లా పెట్టేవారు.

వానాకాలం చివర్లో కెప్టెన్ ఒక పెద్ద రైడు ప్రకటించాడు. మూసీ దాటి, తుర్కయంజాల్ అవతల చేల మధ్య మట్టిబాట పట్టుకుని ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు దాకా. పోనూ రానూ డెబ్బై కిలోమీటర్ల పైమాటే. ఆ వారమంతా మా ఆయన పాత టూత్‌బ్రష్‌తో సైకిల్ చెయిన్ తోమారు. గొంతులో కూనిరాగం. ఏడాదిన్నర తర్వాత విన్నాను ఆ కూనిరాగాన్ని. శ్రుతి తప్పింది, ఒక చెవితో పాడుతున్నారు కదా, అయినా విన్నాను.

మట్టిబాట సంగతి నాకు దిగులు లేదు. అక్కడ ఎదురయ్యేవి గేదెలు, అవి హారన్ కొట్టవు. దిగులంతా మూసీ దాటడం గురించే. మన దేశంలో సైకిలు ఎడమ అంచున పోవాలి, బండ్లన్నీ కుడి పక్క నుంచి దాటి పోతాయి. అంటే ఆయనకు వినపడని పక్క నుంచి. మామూలు రోడ్డయితే మట్టిలోకి దిగొచ్చు, పక్కకు జరగొచ్చు. వంతెన మీద జరగడానికి చోటేది? ఒక పక్క గోడ, ఒక పక్క లారీ.

కెప్టెన్ మ్యాపులో గీత ఉప్పల్ మీదుగా పోయి అక్కడున్న పెద్ద వంతెన మీద నది దాటింది. ఇంకోటి అంబర్‌పేట దాటాక ఉన్న కింది వంతెన, నీళ్లకు దగ్గరగా, పాతది. నేను శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి స్కూటీ మీద రెండూ చూసొచ్చాను. చూసొచ్చాననడం కూడా సరికాదు. కుడి చెవిలో దూది కుక్కుకుని, పైన వేలు అదిమి పెట్టి, రెండు వంతెనల మీదా నడిచాను.

ముందు పెద్ద వంతెన. వెనకనుంచి వచ్చే ప్రతి శబ్దం ఎడమ పక్కన, అంటే నదిలోంచి వస్తున్నట్టుంది. బస్సు హారన్ కొడితే నేను నీళ్ల వైపు తిరిగి చూశాను. ఇంతలో బస్సు నా కుడి భుజం పక్క నుంచి గాలి కొట్టి పోయింది. వంతెన దిగే చోట బండ్లన్నీ వాలులో వేగం పెంచి ఒక్కసారిగా ఎడమకు కోస్తాయి. రోడ్డు అతుకుల దగ్గర ఇనుప పట్టీల మధ్య సందులున్నాయి, సన్నటి టైరు అందులో పడితే మనిషి పడ్డట్టే. ఫుట్‌పాత్ ఉంది గానీ మోకాలెత్తున ఉంది, సైకిల్‌తో ఎక్కడానికి వాలు లేదు. కింది వంతెన మీద అన్నీ నత్తనడకే. ఆటోలు, మోపెడ్లు, మూసీ ఒడ్డున కోసిన పచ్చగడ్డి మోపులతో పోయే ట్రాలీలు. గుంతలు ఉండటం ఆ వంతెనకు ఒక వరం. అక్కడ చెవి అక్కర్లేదు, కళ్లు చాలు. కావాలంటే ఆగొచ్చు, దిగొచ్చు, నలుగురితో గొడవ కూడా పెట్టుకోవచ్చు. తేల్చేసుకున్నాను. దాటితే కింది వంతెనే.

ఎందుకో కెప్టెన్‌కు చెప్పాలి కదా? ఉన్నది చెప్తే ఆ రూలు ఆయన మెడకు పడుతుంది. డెబ్బై కిలోమీటర్ల కోసం చెయిన్ తోముకున్న మనిషి, చెట్ల కింద ఒక్కడే చుట్లు తిరుగుతాడు పది రోజులు, ఆ తర్వాత సోఫా కుడి చివర కూచుంటాడు. అది నేను జరగనివ్వను. కానీ ఏం చెప్పాలో ఆదివారం పొద్దున క్యాంపస్‌లోని ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరికి చేరేదాకా నాకు తట్టలేదు.

కెప్టెన్ మెట్టు మీద మ్యాపు పరిచాడు. నేను ఒక్కసారి చూసి, "సార్, కింది వంతెన మీదుగా పోదాం" అన్నాను.

"ఎందుకు మేడమ్? ఉప్పల్ దిక్కు పోతే సీదా రోడ్డు. ఆరు కిలోమీటర్లల్ల నది దాటేస్తం."

"అక్కడ ఆగడానికి ఉండదు."

"ఆగుడెందుకు?"

అప్పుడు నా నోట్లోంచి మా అత్తగారు మాట్లాడింది. ఆవిడ పోయి పదేళ్లయింది. పెన్న ఒడ్డు మనిషి. బస్సు వంతెన ఎక్కిందంటే చాలు, కొంగుముడి విప్పి రూపాయి తీసి, కిటికీలోంచి విసిరి దండం పెట్టేది. ఏడాదిలో పది నెలలు పెన్నలో ఇసుకే. ఆ ఇసుకలోకే విసిరేది. "నీళ్లేవి అత్తా, ఎవరికి వేస్తున్నావు" అని నేను ఎగతాళి చేస్తే, "నీళ్లు లోపలుంటాయిలేమ్మా, నీకు కనపడవు" అనేది. ఈ విషయం మీద ఆవిడతో పాతికేళ్లు వాదించాను. ఆ పొద్దున ఆవిడనే సాక్షిగా పిలిచాను.

"మా సీమలో ఏరు దాటేటప్పుడు రూపాయి వేయకుండా దాటం సార్. పెద్ద ప్రయాణమైతే అసలే దాటం. రూపాయి వేయాలంటే ఆగాలి. ఆగాలంటే కింది వంతెన."

కెప్టెన్ నోరు తెరిచాడు. "మీరా మేడమ్? పోయిన దసరాకు ఆయుధపూజని సైకిల్‌కు బొట్టు పెడితే తుడిపేసిండ్రు గదా!"

"దేవుడు వేరు, ఏరు వేరు."

"మూసీల రూపాయి ఏస్తరా? ముక్కు మూసుకుని దాటే మూసీల?"

"మీ మూసీ అయితే మాత్రం నది కాదా? మా పెన్నలో ఇసుకకే వేస్తాం. మీ దాంట్లో కనీసం తడి ఉంది."

చెల్లె కిసుక్కున నవ్వింది. మా ఆయన వంగి టైరులో గాలి ఉందో లేదో నొక్కి చూస్తున్నారు. విన్నారో లేదో నాకు తెలియలేదు. ఆయన ఎటువైపు తిరిగి ఉన్నారో నేను చూసుకోలేదు.

కెప్టెన్ చివరికి ఒక మాటన్నాడు. "పోదం గానీ, పైన వాన పడ్డదేమో జర కనుక్కోవాలె. కింది వంతెన కదా."

"తల పైకెత్తి చూడండి సార్. కడిగిన పళ్లెంలా ఉంది ఆకాశం. నాలుగు రోజులుగా చుక్క లేదు" అన్నాను. జాగ్రఫీ లెక్చరరుకు ఆకాశం చూపించాను!

ఇది నా తప్పే, ఒప్పుకుంటాను. మా వైపు పుట్టినవాళ్లకు ఏరంటే ఇసుక. వాన మన నెత్తిన పడితేనే ఏట్లో నీళ్లుంటాయి, లేకపోతే లేవు. ఎక్కడో పైన పడ్డ వాన కూడా వస్తుందని తెలియక కాదు, కానీ ఆ ఎండిన ఏటి లెక్క ఎముకల్లో ఉండిపోతుంది. ఈ పట్నంలో పాతికేళ్ల నుంచి ఉంటున్నాను. మూసీకి పైన రెండు పెద్ద జలాశయాలున్నాయని, వాటికి గేట్లుంటాయని నాకు తెలియదా? తెలుసు. ఆ పొద్దున మాత్రం ఆకాశం వైపు చూసి వంతెనకు పూచీ పడ్డాను.

అడిక్‌మెట్ మీదుగా, విద్యానగర్, అంబర్‌పేట దాటుకుని హుషారుగా పోయాం. నేను ఆయన వెనకే. కింది వంతెన మొదట్లో ఇనుప అడ్డాలు పెట్టి ఉన్నాయి. అటు పక్క నీళ్లు వంతెనకు జానెడు కింద ఎర్రగా, నురగతో, ఒడ్డున ఉన్న గుర్రపుడెక్కను తెప్పలు తెప్పలుగా కోసుకుని పోతున్నాయి. కుర్చీలో కూచుని ఛాయ్ తాగుతున్న పోలీసాయన లేవకుండానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"బంద్ మేడమ్. రాత్రి గేట్లు తీసిండ్రు."

"ఇక్కడ చుక్క వాన లేదు కదా?"

"గీడ లేదు మేడమ్. వికారాబాద్ దిక్కు దంచికొట్టింది. ఉప్పల్ మీదికెల్లి పోండ్రి."

కెప్టెన్ తల పైకెత్తి ఆకాశాన్ని ఒకసారి చూశాడు, అంతే. ఏదైనా అనుంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

పొద్దున ఆరుకు ఖాళీగా ఉండే పెద్ద వంతెనను వదిలిపెట్టి, నా తెలివితేటలతో ఆయన్ను ఏడున్నరకు, బస్సులూ లారీలూ నిండాక, అదే వంతెన మీదికి తీసుకుపోతున్నాను. రామంతాపూర్ నుంచి ఉప్పల్ దాకా ఆయన వెనక్కి అంటుకుని తొక్కాను. బండి వస్తే అరుపు. "ఎడమకి! ఇంకా ఎడమకి! ఆగండి! ఇప్పుడు పదండి!" ముందున్న కెప్టెన్ వెనక్కి తిరిగి, "మేడమ్, సార్‌ను జర ఊపిరి తీసుకోనియ్యిండ్రి. ఇంట్ల గూడ గిట్లనేనా?" అన్నాడు. చెల్లె తన బుట్ట సైకిల్‌ను తెచ్చి ఆయనకు కుడి పక్కన పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. బండ్లవాళ్లు హారన్ మీద హారన్ కొట్టారు. ఆమె చెయ్యి ఊపుతూ, "పో, పో, చుట్టు తిరిగి పో, నీ రోడ్డేం గాదు" అని వాళ్లను తిడుతూ తొక్కింది.

పెద్ద వంతెన మొదట్లో నేను సైకిల్ దిగిపోయాను.

"నేను ఎక్కను."

కెప్టెన్ ఓపిక అక్కడికి అయిపోయింది. "మళ్లేంది మేడమ్? ఇదొక్కటే ఉన్నది ఇగ. దాటకుంటే చెరువెట్ల వస్తది?"

"రూపాయి?"

"అరె, తొక్కుకుంట ఎయ్యిండ్రి! చెయ్యి లేదా?"

"ఏరును దాటేటప్పుడు నిలబడి వేస్తారు సార్, ఈగను తోలినట్టు కాదు. ఫుట్‌పాత్ మీద నడిపించుకుంటూ పోదాం. నలుగురం."

"నడిచా? సైకిల్ రైడర్లు వంతెన మీద నడుస్తరా? ఎవరన్న చూస్తే ఇజ్జత్ పోతది."

"లారీ కింద పడితే ఇజ్జత్ ఉంటుందా?"

"అదీ! భయమని చెప్పొచ్చు గదా సీదాగ!" అన్నాడు కెప్టెన్, గెలిచినట్టు మొహం పెట్టి. కథలో ఆ తోక పుట్టింది అక్కడే. నా జీవితంలో నేను ఓడిపోవడానికి ఒప్పుకున్న వాదం అదొక్కటే. "అవును సార్, భయమే" అన్నాను.

మా ఆయన నా మొహంలోకి ఒకసారి చూశారు. తర్వాత సైకిల్‌ను రెండు చేతులా ఎత్తి ఫుట్‌పాత్ మీద పెట్టి, "పోదాం పా. ఆమె నడిస్తే నేనూ నడుస్తా" అన్నారు. ఇక కెప్టెన్‌కు గత్యంతరం లేదు. మోకాలెత్తు గట్టు మీదికి మిగతా మూడు సైకిళ్లూ ఎత్తాం. చెల్లె బుట్టలో చట్నీ డబ్బా ఒలికింది.

ఒకరి వెనక ఒకరం నడిచాం. ముందు కెప్టెన్, తర్వాత మా ఆయన, నేను, వెనక చెల్లె. మాకూ రోడ్డుకూ మధ్య ఆ మోకాలెత్తు గట్టు. నేను తిట్టుకున్న గట్టే. బస్సులు పోతున్నాయి, లారీలు పోతున్నాయి, వాటి గాలికి నా చున్నీ ఎగురుతోంది. ఆయన మాత్రం తాపీగా ఎడమకు తిరిగి నదిని చూస్తూ నడుస్తున్నారు. ఎటు నుంచి ఏ శబ్దం వచ్చినా ఆయనకు దాంతో పని లేదు. శుక్రవారం మధ్యాహ్నమంతా రెండు వంతెనల మధ్య తిరిగి నేను వెతికిన దారి, నేను వద్దనుకున్న వంతెన అంచునే ఉంది. సైకిల్ దిగితే దాటొచ్చని ఎవరికి తడుతుంది, సైకిల్ మీద పోవాలని బయల్దేరినవాళ్లకు?

వంతెన మధ్యకొచ్చాక కెప్టెన్ ఆగి, స్టాండు వేసి, చేతులు కట్టుకున్నాడు. "ఎయ్యిండ్రి మేడమ్."

నేను నడుముకు కట్టుకున్న సంచీలో చెయ్యి పెట్టాను. ఫోను. తాళాలు. మోకాలి నొప్పి మాత్రలు. రూపాయి లేదు. ఉంటే కదా! మెట్ల దగ్గర పుట్టిన అబద్ధానికి ఇంటి నుంచి రూపాయి ఎట్లా తెస్తాను? అసలు ఈ రోజుల్లో చిల్లర ఎవరి దగ్గరుంది?

కెప్టెన్ మొహంలో ఒక వెలుగు వచ్చింది. "రూపాయి ఏసెటందుకు ఇంత దూరం తిప్పి, రూపాయే తేలేదా మేడమ్?"

"నా తాన ఐదొందల నోటున్నది, ఎయ్యాల్నా అక్కా?" అంది చెల్లె వెనకనుంచి.

అప్పుడు మా ఆయన సైకిల్ చొక్కాకు వీపు కింద ఉండే జేబు జిప్పు లాగి, రెండు వేళ్లతో ఒక రూపాయి బిళ్ల తీసి నా చేతిలో పెట్టారు. "ఇందా" అన్నారు. అంతే.

వేశాను. దండం కూడా పెట్టాను, నలుగురూ చూస్తున్నారు కదా. ఆ రూపాయి నీళ్లలో కూడా పడలేదు. కొట్టుకుపోతున్న గుర్రపుడెక్క తెప్ప మీద పడి, ఒకసారి మెరిసి, టికెట్టు కొనుక్కున్న ప్రయాణికుడిలా వంతెన కింది నుంచి వెళ్లిపోయింది. మా అత్తగారుంటే దానికీ ఏదో ఒక జవాబు చెప్పేది.

అవతలి ఒడ్డు దిగాక ఇక అంతా బాగానే జరిగింది. ఇరుకు సందులు పట్టుకుని కెప్టెన్ మమ్మల్ని మట్టిబాట ఎక్కించాడు. రెండు పక్కలా వరి చేలు, పోయిన వారం వానకు మెత్తబడిన ఎర్రమట్టి, టైరు కింద చప్పుడు లేదు. మా ఆయన గేరు మార్చి ముందుకు దూసుకుపోయారు. గొంతెత్తి పాడుతున్నారు, ఆ శ్రుతి తప్పిన రాగమే. నేనూ చెల్లే వెనకబడ్డాం. ఆమె తన సైకిల్‌ను నా పక్కకు తెచ్చి అంది:

"అక్కా, సారుకు కుడి దిక్కు ఇనపడదు గదా."

నేను సైకిల్ ఆపేశాను. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తరు? ముప్పై మందికి వడ్డించేదాన్ని నేను. ఏడాది సంది మీకు టిఫిన్ పెడ్తున్న. కుడి పక్క నిలవడి 'ఇంకోటి ఎయ్యాల్నా సారూ' అంటే తలూపుతరు. ఎడమ దిక్కుకెల్లి అడిగితే వద్దంటరు. పాపం ఎన్ని ఇడ్లీలు తిన్నరో నా వల్ల! అప్పటి సంది ఎడమ దిక్కే నిలవడ్త."

"మరి కెప్టెన్‌కు చెప్పలేదేం?"

"చెప్పెటందుకు నేనెవరక్కా? అది సారు చెవి."

నాకు ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి నీ సైకిల్‌కు నూనె వేయించవేమని ఆమెను తిట్టాను. చెరువు గట్టు మీద కూచుని చల్లారిన ఇడ్లీలు తిన్నాం, చట్నీ లేకుండా. ఆయన ఆరు తిన్నారు, చెల్లె ఎడమ పక్కనుంచే వడ్డించినా.

ఆ తర్వాత ఎన్ని రైడ్లయినా, నది అవతలికి పోవాలంటే మేం ఆ వంతెన ఫుట్‌పాత్ మీద నడిచే దాటుతాం. మొదట్లో గొణిగిన కెప్టెనే మ్యాపులో ఆ చోట చిన్న సున్నా చుట్టి పెట్టుకున్నాడు.

పోయిన నెల ఒక పొద్దున, క్యాంపస్‌లో ఆగి నీళ్లు తాగుతుంటే కెప్టెన్ ఆయన కుడి పక్క చేరి ఏదో పొడుగ్గా చెప్పుకుపోతున్నాడు. నేను జరిగి మధ్యలోకి వెళ్లబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపి, తానే అన్నారు: "సార్, ఈ పక్కకు రాండి. ఆ పక్క కౌంటరు మూసేసి మూడేళ్లయింది."

కెప్టెన్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు. "అయితే గా రూపాయి..." అని ఆగిపోయాడు. ఆ సాయంత్రం గ్రూపు మెసేజ్‌లో ఆ రూలు కనపడలేదు. దాని చోట ఇంకోటి ఉంది: తేడా ఉన్నవాళ్లకు కుడి పక్కన ఒకరు తోడు తొక్కాలి. మరుసటి వారం నుంచి ఆ తోడు తానే తొక్కుతున్నాడు.

కానీ కొత్తవాళ్లకు మాత్రం పాత కథే చెప్తున్నాడు. మొన్న నిలదీశాను. "ఇప్పుడు మీకంతా తెలుసు కదా సార్, ఇంకా రూపాయి కథే ఎందుకు?"

"అసలు సంగతి చెప్తే అది సార్ ముచ్చట అయితది మేడమ్. గిది చెప్తే మీ ముచ్చట. మీరైతే తట్టుకుంటరు" అన్నాడు.

నన్ను తొలుస్తున్నది ఇప్పుడు వేరే ఒకటి. మా ఆయన కరివేపాకుకు కూడా ఫోనుతోనే డబ్బు కొడతారు. ఆ చొక్కా ముందు రోజు ఉతికి ఆరేసింది నేనే. జేబులన్నీ తిరగేసి ఉతికాను, ఏమీ లేవు. రూపాయి మాట నేను ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర పుట్టించాను, ఇంట్లో దాని ఊసే ఎత్తలేదు. మా ఇద్దరిలో, ఏరు కనపడితే రూపాయి విసిరే ఆ తల్లికి కొడుకు ఆయన. ఆ బస్సుల్లో ఆమె పక్కన కూచున్నదీ ఆయనే. ఎన్నిసార్లు అడిగినా నవ్వి, కుడి చెవి నా వైపు తిప్పుతారు.

వంతెన మీద సైకిల్ దిగడానికి తానే అదే అబద్ధం ఆడదామని, ఆ పొద్దున ఆయన కూడా జేబులో రూపాయి వేసుకుని బయల్దేరారా?